దబాయించుకు ఒక వాక్యం

మేడమీద నిఘంటువు పని జరిగే గది. కింద అచ్చాపీసు. పెద్ద బల్లకు అటు అక్క, ఇటు తమ్ముడు. సాయంకాలం కావస్తోంది.

"తలుపు వెయ్యరా. చీటీలు ఎగురుతున్నాయి."

"వేసే ఉందక్కా."

"మరి గాలెక్కణ్ణుంచి వస్తోంది?"

"నువ్వే విసురుకుంటున్నావు, ఆ అట్టముక్కతో."

"నేను విసురుకునే గాలికి చీటీలు ఎగరవు. కిటికీ చూడు."

"అదీ వేసే ఉంది. ఫాన్ కూడా కట్టేసే ఉంది. ఒక్క ఐదు నిమిషాలు వేసుకుందామా అక్కా? ఉడికిపోతున్నాం."

"వేసుకుందాం. 'ద' చీటీలన్నీ గదినిండా చెల్లాచెదురైతే నువ్వేరుకుందువుగాని. కూర్చో. ఎక్కడిదాకా వచ్చాం?"

"దబాయించు."

"పొద్దున కూడా అక్కడే ఉన్నాం."

"పొద్దున్నుంచి కాదు, వారం నుంచి అక్కడే ఉన్నాం. పైన దబదబ అయిపోయింది, కింద దబ్బనం అయిపోయింది. మధ్యలో ఇదొక్కటే నోరు తెరుచుకుని కూర్చుంది."

"అర్థం చదువు."

"అర్థం రాసేసుకున్నాం కదా. కావలసింది ఉదాహరణ..."

"చదవమన్నానా లేదా?"

"'గట్టిగా అరిచి ఎదుటివారి నోరు మూయించు.'"

"కొట్టెయ్."

"నిన్న నువ్వే చెప్పావు."

"నిన్న చెప్పాను, ఇవాళ కొట్టెయ్యమంటున్నాను. వట్టి అరుపే అయితే దాన్ని కసురుకోవడం అంటారు. బెదిరించేవాడు ఏం చేస్తాడో చెప్పి భయపెడతాడు. గద్దించేవాడికి గద్దించే హక్కు ఉంటుంది, బళ్ళో మేష్టారిలాగా. దబాయించేవాడి చేతిలో ఇవేవీ ఉండవురా. తప్పు తన దగ్గరే ఉంటుంది. దాన్ని గొంతుతో కప్పేస్తాడు. రాయి. 'తన పక్షాన న్యాయం లేకపోయినా, గొంతు పెంచి, గదమాయించి ఎదుటివారిని లొంగదీయు.' రాశావా?"

"రాస్తున్నా. గొంతు పెంచకుండా కూడా దబాయించొచ్చేమో అక్కా."

"అదెలా?"

"ఏమో. అన్నం వడ్డిస్తూ. నవ్వుతూ."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అనిపించింది."

"నీకనిపించినవన్నీ వేసుకోవడానికా నాన్న ఈ పుస్తకం మొదలెట్టింది? అనిపించింది, అనుకున్నాను, అయ్యుండొచ్చు... ఇవి వేరేవాళ్ళ నిఘంటువుల్లో ఉంటాయి. మన దాంట్లో విన్నది ఉంటుంది. చెవితో విన్నది. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎక్కడ అన్నారు. ఆ మూడూ చీటీ మీద లేకపోతే..."

"వాక్యం చెల్లదు. వాక్యం లేకపోతే పదం లేదు. తెలుసక్కా. ఊయలలో ఉన్నప్పట్నుంచీ తెలుసు."

"ఎత్తిపొడుస్తున్నావా?"

"లేదు."

"నేనెప్పుడైనా నిన్ను దబాయించానా?"

"లేదక్కా."

"గట్టిగా చెప్పు."

"లేదక్కా!"

"ఆ. అలా చెప్పు. నసుగుతావెందుకు?"

"అక్కా, సొరుగులో నా ఫోను..."

"మోగనీ."

"పొద్దుట్నుంచి చాలాసార్లు మోగింది. ఏదైనా ముఖ్యమైనదేమో, ఒక్కసారి చూసి..."

"పని వేళ ఫోన్లు సొరుగులో, తాళం వేసి ఉండాలి. అది నియమం."

"ఎప్పుడు పెట్టాం ఈ నియమం?"

"ఇవాళ పొద్దున."

"ఓహో."

"ఓహో ఏంటి? నీ దృష్టి దాని మీదుంటే పని మీదెలా ఉంటుంది? అదిగో, ఆగిపోయింది చూడు. అంత ముఖ్యమైనదైతే ఆగదు. నీ చీటీలు తియ్యి. దబాయించుకి నువ్వు తెచ్చినవేమిటి?"

"మొన్న బస్సులో కండక్టరు ఒకాయన్ని అన్నాడు. 'టికెట్టు లేదంటే తిరిగి నన్నే దబాయిస్తారేంటండీ' అని."

"నువ్వు విన్నావా?"

"నా పక్కనాయన విన్నాడు. నేను వెనక సీట్లో ఉన్నా, ఇంజను చప్పుడు..."

"చెల్లదు. ఇంకోటి?"

"ఎదురింటి డాక్టరుగారు వాళ్ళ కాంపౌండరుతో, 'మందు తప్పు ఇచ్చింది నువ్వు, పైగా రోగిని దబాయిస్తావా' అని."

"బాగుందే! నువ్వే విన్నావా?"

"నేనే విన్నా. కానీ 'దబాయిస్తావా' అన్నారో 'గదమాయిస్తావా' అన్నారో... ప్రమాణం చెయ్యలేనక్కా."

"నీ మొహం. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా వినవు. నాన్న ఉంటే..."

"నాన్న ఉన్నా ఇంతే. దప్పికకి వాక్యం మాత్రం తేలిగ్గా దొరికిందా?"

"దాని సంగతి ఎత్తకు."

"ఎందుకెత్తకూడదు? వేసవంతా నన్ను బస్టాండులో కూచోబెట్టావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ప్రతివాడూ దాహం అన్నాడే తప్ప దప్పిక అన్నవాడు లేడు. ఎండకి నా మాడు మాడింది గానీ దప్పిక రాలేదు. చివరికి ఇక్కడే, మన మెట్ల కింద, 'దప్పికగా ఉందండీ, కాసిని మంచినీళ్ళుంటే ఇస్తారా' అని..."

"కావాలనే అంది."

"అక్కా..."

"కింద ప్రూఫులు దిద్దే మనిషి కాదూ? పేజీలో దప్పిక పక్కన ఖాళీ చూసింది. నువ్వు మొహం వేలాడేసుకుని తిరగడం చూసింది. వచ్చి దప్పికంది. అది దొంగ దప్పిక. నిజానికి ఆ పదం కొట్టెయ్యాలి. నీ మొహం చూసి ఊరుకున్నాను."

"మూడు గ్లాసులు తాగింది అక్కా. ఆపకుండా. దొంగ దప్పికైతే ఒక గ్లాసు తాగి పెట్టేస్తారు."

"గ్లాసులు కూడా లెక్కపెట్టావన్నమాట."

"లెక్కపెట్టలేదు. నేనే పోశాను కాబట్టి తెలుసు."

"చెవులు ఎర్రబడ్డాయి చూసుకో. నలభయ్యేళ్ళొచ్చాయి, ఇంకా ఆ చెవులు అలాగే ఉన్నాయి. సరే, పని చూడు."

"అక్కా, ఒకటి అడగనా?"

"దబాయించు గురించైతే అడుగు."

"పోయిన వారం నేను ఆవిణ్ణి పెళ్ళి గురించి అడిగాను కదా. నీతో చెప్పే అడిగాను."

"నాతో చెప్పావు. నన్ను అడగలేదు."

"సరే. చెప్పాను. ఆవిడ ఏమందంటే, 'మీ అక్కగారితో ఒకసారి మాట్లాడి అప్పుడు మీకు జవాబు చెబుతాను' అంది. వారమైంది. వచ్చిందా నీ దగ్గరికి?"

"రోజూ ఎంతమందో వస్తుంటారు, పోతుంటారు. ఆ దబ్బనం చీటీ ఇటివ్వు, అక్షరం అర్థం కావట్లేదు."

"వచ్చిందా, రాలేదా?"

"ఇదేంటిది, 'సూది చాలదు' అనా, 'సూది చాలు' అనా?"

"'చాలదు.' 'ఈ గోతానికి సూది చాలదు, దబ్బనం పట్రా.' కాగితాల గోడౌనతను, వాళ్ళ బావమరిదితో. అక్కా, వచ్చిందా?"

"ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు."

"ఎవరూ కొట్టట్లేదు... ఆ, కొడుతున్నారు. రండి ఫోర్మన్‌గారూ, తోసుకుని వచ్చెయ్యండి."

"తలుపు వేసి రండి ఫోర్మన్‌గారూ, చీటీలు!"

"వేస్తున్నానమ్మగారూ, వేస్తున్నాను. అబ్బ, ఏంటండీ ఈ గది, ఇడ్లీపాత్రలోకి వచ్చినట్టుంది. 'ద' పేజీ ఏమైందమ్మా? కింద మిషను ఊరికే నిలబడి ఉంది. దానికి పని లేకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు."

"ఒక్క పదం ఆగింది. ఇచ్చేస్తాం."

"పొద్దున్నా అదే మాట చెప్పారు. ఏ పదం?"

"దబాయించు అండీ. ఉదాహరణ దొరకట్లేదు."

"ఓస్, ఇంతేనా! రాసుకోండి బాబుగారూ. 'అమ్మగారూ, పేజీ ఇవ్వకుండా పైనుంచి నన్నే దబాయిస్తే ఎలాగండీ?' ఎలా ఉంది?"

"చెల్లదు."

"ఎందుకు చెల్లదమ్మా? నిజమే కదా!"

"పదం చెప్పాక అన్నది చెల్లదు. దానంతటది నోట్లోంచి రావాలి. తిక్కరేగి రావాలి, ఏడుపొచ్చి రావాలి, ఆకలేసి రావాలి. నిఘంటువు కోసం రాకూడదు."

"అయితే మా ఇంటికి పంపించండి బాబుగార్ని. మా ఆవిడ రోజూ వంటింట్లోంచి అంటుంది. రేడియో మోగినంత చక్కగా వినిపిస్తుంది."

"ఇవాళ పంపిస్తే రేపు మీ మిషను తిరుగుతుంది. ఆగుతారా?"

"ఆగలేనమ్మా. తీసెయ్యండి పోనీ. ఒక్క పదం లేకపోతే కొంపలేం మునగవు. పేజీ మళ్ళీ కట్టుకుంటాను, గంట పని. అన్నట్టు ఇవాళ అన్నీ ఇలాగే ఉన్నాయి. రేపట్నుంచి ప్రూఫులు ఎవరు చూస్తారో కూడా తెలీట్లేదు, ఆ అమ్మాయి వెళ్ళిపోతోందిగా."

"ఏ అమ్మాయి?"

"మన ప్రూఫులమ్మాయేనండీ. ఇందాకే బల్ల ఖాళీ చేసేసింది. ఆరింటి బండికట. వాళ్ళ పెద్దమ్మగారి ఊళ్ళో బళ్ళో ఉద్యోగం చూశారట. అదేంటి బాబుగారూ, మీకు తెలీదా? మీకే ముందు తెలిసుంటుందనుకున్నా."

"ఇవాళా? ఆరింటికా?"

"బ్యాగులు సర్దుకుని ఇందాకటిదాకా మెట్ల దగ్గరే నిలబడింది, పైకి చూస్తూ. 'వెళ్ళి చెప్పిరా అమ్మా, పైనే ఉన్నారు' అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇప్పుడే ఆటో వచ్చినట్టుంది."

"ఫోర్మన్‌గారూ, మీరు టీ తాగొచ్చెయ్యండి. ఈలోపు తేల్చేస్తాం."

"తాగేశానమ్మా."

"ఇంకోటి తాగండి."

"ఇది కూడా దబాయింపు కిందికే వస్తుందేమో చూడండి బాబుగారూ. సరే సరే, వెళ్తున్నా. తలుపు వేస్తున్నా, వేస్తున్నా."

"రాయరా. ఎందుకలా చూస్తావు గోడకేసి?"

"నాతో ఒక్క మాట చెప్పలేదు అక్కా."

"చెప్పాల్సిన పనేముంది?"

"జవాబు చెబుతానంది. ఇదేనన్నమాట జవాబు."

"మంచిదేగా. నోటితో కాదనిపించుకోవడం కంటే ఇదే నయం. పరువుగా పోయింది. నాలుగు రోజులు పోతే నీకే గుర్తుండదు."

"నాలుగు రోజులు పోతే గుర్తుండదా?"

"నీకేం కావాలో నాకు తెలీదూ? నా చేతుల్లో పెరిగావు. జ్వరం వస్తే నీకంటే ముందు నాకు తెలిసేది. ఆ అమ్మాయి నీకు సరిపడదురా. ఒక మాట అంటే నాలుగు అంటుంది. ఇంట్లో ఇద్దరికి నోరుంటే నువ్వెక్కడుంటావు?"

"ఒక మాటంటే నాలుగంటుందని నీకెలా తెలుసు? నీతో ఎప్పుడు మాట్లాడింది?"

"మొహం చూస్తే తెలియదూ?"

"అక్కా, నేను ఒకసారి స్టేషనుకెళ్ళి వస్తా. చూసి వచ్చేస్తా. మాట్లాడను. దూరంనుంచి చూసి..."

"ఇప్పుడా? పేజీ బల్ల మీద పెట్టుకునా?"

"అరగంటలో వచ్చేస్తా."

"కూర్చో."

"అక్కా..."

"కూర్చోమన్నానా. పేజీ వెళ్ళాక ఎక్కడికైనా వెళ్ళు, నాకేం? నాన్న పుస్తకం కంటే ఎక్కువైపోయిందా నీకు? పోనీ వెళ్ళు. వెళ్ళు! నేనొక్కదాన్నే చేసుకుంటాను. నాకు అలవాటేగా అన్నీ ఒక్కదాన్నే చేసుకోవడం. అమ్మ పోయినప్పుడు నువ్వెంతున్నావో గుర్తుందా? నీకు గుర్తుండదు. నాకు గుర్తుంది. చెప్పులు అక్కడే ఉన్నాయి, వేసుకెళ్ళు... ఏం, వెళ్ళలేదేం?"

"కూర్చున్నాగా."

"నేను ఆపానా?"

"లేదు."

"మరి మొహం అలా పెట్టకు. కలం తియ్యి."

"ఇందాకటి నుంచి ఫోను మోగట్లేదక్కా."

"పీడా పోయింది."

"ఒక మాట చెప్పనా? ఈ పదానికి వాక్యం ఎందుకు దొరకట్లేదో నాకిప్పుడు అర్థమైంది."

"ఎందుకట?"

"దబాయించేవాళ్ళు ఆ మాట అనరు. వాళ్ళు చేసేది దబాయింపు అని వాళ్ళకే తెలీదు, మంచి చేస్తున్నామనుకుంటారు. పోనీ పడేవాళ్ళు అంటారా అంటే, వాళ్ళకి నోరు పెగలదు. నోరు పెగిలితే పడరు కదా. ఇంకెవరనాలి? అందుకే వారమైనా ఎవరి నోటా రాలేదు. రాదు కూడా. ఫోర్మన్‌గారొస్తే తీసెయ్యమని చెబుదాం."

"అనేవాళ్ళు ఉంటారు."

"ఏంటి?"

"ఉంటారంటున్నాను. ఎదురు నిలబడి, కళ్ళలోకి చూసి అనేవాళ్ళు. వెయ్యిమందికి ఒకళ్ళు."

"నేను చూళ్ళేదు."

"నువ్వు చూళ్ళేదులే."

"నువ్వు చూశావా?"

"చెమట పడుతోంది. ఆ తువ్వాలు ఇటివ్వు."

"అక్కా, నీ దగ్గర వాక్యం ఉందా?"

"ఉంటే వారం నుంచి ఎందుకు ఏడుస్తాను?"

"వారం నుంచి కాదు. నిన్నటిదాకా నన్ను ఒకటే తరిమావు, బస్సెక్కు, బజారుకెళ్ళు, ఆసుపత్రిలో కూర్చో అని. ఇవాళ పొద్దున్నుంచి బయటికి పంపలేదు. అన్నం కూడా పైకే తెప్పించావు. వెతకమనలేదు. అర్థం మాత్రం మార్చావు. 'తప్పు తన దగ్గరే ఉంటుంది' అన్నావు. నిన్నది ఆ అర్థం కాదు."

"పెద్ద డిటెక్టివ్ బయల్దేరాడు."

"ఉందా?"

"తలుపు చూడు, ఫోర్మన్‌గారనుకుంటా."

"అమ్మగారూ, రెండో టీ కూడా అయిపోయింది. ఇంక మూడోది తాగితే నిద్రపట్టదు. ఉంచడమా, తీసెయ్యడమా? ఒక్క మాట చెప్పండి, పేజీ కట్టుకుంటాను."

"తీసెయ్యండి ఫోర్మన్‌గారూ."

"ఒరేయ్!"

"వాక్యం లేదు కదక్కా. వాక్యం లేకపోతే పదం లేదు. తీసెయ్యండి. దబదబ తర్వాత దబ్బనం వేసెయ్యండి. దప్పిక కూడా తీసెయ్యండి, అది దొంగదట."

"దప్పిక కూడానా? అది బానే ఉంది కదా బాబుగారూ..."

"తీసెయ్యండి. అక్క ఒప్పుకోదు."

"ఆగండి ఫోర్మన్‌గారూ. దప్పిక జోలికెళ్ళకండి. ఇంకోటీ... ఒరేయ్, కలం తియ్యి."

"ఎందుకు?"

"తియ్యమన్నాను. తీశావా? రాయి. 'మీరెంత దబాయించినా నేను వెళ్ళను. ఆయన నోటితో పొమ్మంటే పోతాను.'"

"...'ఆయన నోటితో'... రాశాను. ఇదెక్కడిది?"

"చుక్క పెట్టు. నకలు సరిగ్గా ఉందా? 'మీరెంత' అని కలిపి రాయి. విడగొడితే దాంట్లో పొగరు పోతుంది."

"బాగుందమ్మగారూ! ఇంత చక్కటి వాక్యం దాచుకుని నా చేత రెండు టీలు తాగించారు."

"ఎక్కడ విన్నావక్కా?"

"ఇక్కడే. ఈ గదిలోనే. నిన్న, నువ్వు కింద మిషను దగ్గరున్నప్పుడు."

"ఎవరన్నారు?"

"సిరా ఆరనీ ముందు."

"చీటీ మీద రాయాలి కదక్కా. ఎవరన్నారు?"

"వాక్యం దొరికిందిగా. ఈ ఒక్కదానికీ..."

"నాన్న నియమం. ఎవరన్నారు, ఎవరితో, ఎక్కడ. ఒక్కటి లేకపోయినా చెల్లదు. నువ్వే అన్నావు. ఎవరన్నారు?"

"ప్రూఫులమ్మాయి."

"ఎవరితో?"

"ఇంకెవరితో? నాతో. నువ్వు కూర్చున్న ఆ కుర్చీ వెనకాల నిలబడి. కూర్చోమని నేను అనలేదు. 'మా తమ్ముడికి నీ మీద అలాంటి ఉద్దేశం లేదు, ఏదో జాలిపడి అన్నాడు, ఈ ఊరొదిలి వెళ్ళిపో, ఇంక ఈ మెట్లెక్కకు' అన్నాను. గొంతు పెంచే అన్నాను. ఇంకొకళ్ళయితే ఏడ్చుకుంటూ దిగిపోయేవాళ్ళు. అది కదల్లేదు. ఆ వాక్యం అంది. అది అంటుంటే నేనేం చేశానో తెలుసా? తిట్టుకోలేదు. చెయ్యి దానంతటదే చీటీ కోసం వెతికింది. అంత మంచి వాక్యం, వారం నుంచి ఎదురుచూస్తున్న వాక్యం, నన్నే అంటుంటే రాసుకోలేకపోయాను చూడు."

"వెళ్ళనంది కదా. మరెందుకు వెళ్తోంది?"

"ఇంకా ఉంది. అది ఉదాహరణకి అక్కర్లేదు."

"నాక్కావాలి."

"'రేపంతా ఆయనకి ఫోన్ చేస్తాను. ఎత్తి పొమ్మంటే పోతాను. సాయంత్రం దాకా ఎత్తకపోతే, అదే జవాబనుకుంటాను' అంది. అలా చూడకురా. నువ్వెళ్ళిపోతే నేనేం కావాలి? ఇంకా 'ధ' నుంచి 'హ' దాకా ఉంది. ఇంత పెద్ద బల్ల దగ్గర నేనొక్కదాన్నే కూర్చుని ఎవరితో మాట్లాడాలి? చీటీలతోనా? భయమేసింది. అంతే. 'ముగ్గురం కూర్చుంటే పని తొందరగా అవుతుందండీ' అని కూడా అంది పాపం. నేను వినిపించుకోలేదు."

"తాళం."

"ముందు ఆ చీటీ మీద తారీకు..."

"సొరుగు తాళం ఇటివ్వక్కా."

"...ఇదిగో. కొంచెం బిగుతుగా ఉంటుంది, ఎడమకి తిప్పాలి... అటు కాదు..."

"నాకొచ్చు."

"ఎన్నిసార్లు చేసింది?"

"నువ్వు మాట్లాడకు అక్కా. కాసేపు. ...మోగుతోంది. మోగుతోంది... ఎత్తట్లేదు."

"ఎత్తదు. అదీ నాలాంటిదే."

"బాబుగారూ, బండికి ఇంకా టైముంది. నా స్కూటరు మెట్ల కిందే ఉంది, తీసుకెళ్ళండి. మొదటిసారి తన్నితే కదలదు, దానికి కొంచెం మొండితనం. రెండోసారి గట్టిగా తన్నండి."

"ఒరేయ్, ఆ చొక్కా మార్చుకుని వెళ్ళరా, సిరా మరకలు... దువ్వెన అక్కడే... ఒరేయ్, చెప్పులు! వట్టి కాళ్ళతోనే... తలుపు, తలుపు వేసి వెళ్ళరా! చీటీలు... ఒరేయ్!"

"వెళ్ళిపోయారమ్మా. నాలుగేసి మెట్లు దూకుతున్నారు. ఆ మనిషి అంత జోరుగా దిగడం నేనెప్పుడూ చూడలేదు."

"స్కూటరు కదిలిందా?"

"వినబడట్లా? మొదటి తన్నుకే కదిలింది. అమ్మగారూ, చీటీలన్నీ ఎగిరిపోతున్నాయి. 'ద' అంతా నేలమీదే ఉంది. ఏరుతున్నా గానీ, ముందు ఆ తలుపు వేసెయ్యనా?"

"వద్దు ఫోర్మన్‌గారూ. వాళ్ళిద్దరూ వచ్చేదాకా తీసే ఉండనివ్వండి."